గాయానికి భోజన వేళ

ముంగర సూరన్న ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుని గోగులంక పెద్దాసుపత్రి మెట్లెక్కేసరికి టిఫిన్ వేళ దాటిపోయింది. తువ్వాలు అప్పటికే తడిసి ఎర్రబడింది. పక్కన భార్య వరాలు ఆయన మోచేతిని పట్టుకుని, "పనసపొట్టు కొట్టడం మీకెందుకండీ, నేను కొడతానన్నాను కదా" అని ఇంటి దగ్గర మొదలెట్టిన మాటే ఇంకా అంటోంది.

కట్లు కట్టే గదిలో ఎస్తేరు సిస్టరు తువ్వాలు విప్పి చూసింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ బాగా తెగింది. నీళ్ళతో కడిగి, నాలుగు కుట్లు వేయించి, పైన పొడి గుడ్డ ఒకటి వేసి గోడ గడియారం వైపు చూసింది.

"కాస్త ముందొస్తే బాగుండేదండి. గాయాలకి టిఫిన్ అయిపోయింది. ఇంక మధ్యాహ్నం భోజనంలోనే."

"నాకు ఆకలిగా లేదమ్మా," అన్నాడు సూరన్న. "చెయ్యి తెగింది."

"మీకు కాదండి. చేతికే."

సూరన్న వరాలు వైపు చూశాడు. వరాలు సిస్టరు వైపు చూసింది. సిస్టరు ఎవరివైపూ చూడకుండా దూది సర్దుకుంది. ఈ చూపులన్నీ ఆవిడకి కొంతకాలంగా అలవాటే.

ఇది తెలియాలంటే తేనె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. తేనె మంచిదే. గాయానికి తేనె రాయడం మన ముసలమ్మలకీ తెలుసు, పెద్ద చదువుల డాక్టర్లకీ తెలుసు. శుద్ధి చేసిన తేనెని తగిన పుండుకి తెలిసినవాళ్ళు కడితే మేలు చేస్తుంది. అందులో పేచీ లేదు. ఆ తేనె ఒక ఉత్తర్వులో పడింది, అక్కడొచ్చింది పేచీ.

రాజధానిలో చాలా పెద్ద అధికారి ఒకాయన కొండల్లోకి విహారానికి వెళ్ళి, జారిపడి మోకాలు గీసుకున్నారు. అక్కడెవరో కాస్త తేనె రాశారు. మోకాలు నయమైంది. మోకాళ్ళు ఎలాగూ నయమవుతూనే ఉంటాయి గానీ, అంత పెద్ద అధికారి మోకాలిని మామూలు మోకాళ్ళతో కలిపి చూడగలమా? నెల తిరక్కుండా 'మధుధార' అనే పథకం పుట్టింది. "ఇందుమూలముగా సమస్త ఆసుపత్రి సిబ్బందికి తెలియజేయునదేమనగా, సర్వవిధ గాయములకును ప్రథమముగా తేనె కట్టు మాత్రమే వేయవలెను. తేనె విఫలమైనట్లు లిఖితపూర్వకముగా ధ్రువీకరింపబడిన పిమ్మటనే యాంటీసెప్టిక్ ద్రావణమును వాడవలెను" అని ఉత్తర్వు వచ్చింది. ఆస్పత్రిలో ఉన్న అయోడిన్ సీసాలన్నీ మందుల గదిలోకి వెళ్ళాయి, గదికి తాళం పడింది. వెనకాలే లారీలో తేనె డ్రమ్ములు దిగాయి.

డ్రమ్ముల మీద 'ఆహార పదార్థం' అని అచ్చేసి ఉంది. మందుల గది ఉద్యోగి కళ్ళజోడు సవరించుకుని అది చదివి, ఆహారాన్ని తన గదిలో పెట్టుకోనన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట నిజమే. డ్రమ్ములు ఎండలో ఒక పూటంతా నిలబడ్డాక వంటశాల వాళ్ళు జాలిపడి లోపలికి దొర్లించుకున్నారు. సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం గారు ఆ సాయంత్రమే ఆ ఏర్పాటుకి ఆమోదముద్ర వేశారు. "పదార్థం ఏ విభాగంలో నిల్వ ఉంటే ఆ విభాగం నిబంధనలే దానికి వర్తిస్తాయి" అని కింద ఒక వాక్యం రాశారు. ఆ ఒక్క వాక్యంతో గోగులంకలో గాయాలకి ఆకలి పుట్టింది.

తేనె ఆహారం కనక పథ్య విభాగం చేతిలోకి పోయింది. పథ్య విభాగం బయటి రోగులకి అన్నం పెట్టదు, వార్డులో ఉన్నవాళ్ళకే పెడుతుంది. కాబట్టి గాయానికి తేనె కావాలంటే మనిషి మంచమెక్కాలి. ఆహారం వేళకే ఇవ్వాలి కనక తేనె కూడా ఇడ్లీతో ఒకసారి, పప్పన్నంతో ఒకసారి, రాత్రి చపాతీతో ఒకసారి వస్తుంది. వడ్డించే ముందు డ్యూటీ డాక్టరు రుచి చూడాలి కనక, ఆ కుర్ర డాక్టరు పూటకో గరిటెడు తేనె చప్పరించి సంతకం పెడుతున్నాడు. పాపం ఆవకాయ కోసం మొహం వాచిపోయాడు. ఆపరేషనుకి పరగడుపున ఉంచినవాళ్ళ గాయాలు కూడా పరగడుపునే ఉంటాయి. శనివారం ఒంటిపూట ఉండే ముసలావిడ కాలి పుండు, ఆవిడతో పాటు శనివారం రాత్రి పస్తు పడుకుంటోంది.

సూరన్న వార్డులోకి వెళ్ళేసరికి మంచానికి ఇద్దరేసి ఉన్నారు. గడ్డం గీసుకుంటూ చెంప కోసుకున్న బడిపంతులు ఒకాయన. కొబ్బరి కోరాం చేతికి తగిలిన పెద్దావిడ. చెప్పు కరిచిన పెళ్ళికొడుకు, వాడి తోడుకి తోడుపెళ్ళికొడుకు. వార్డంతా తియ్యటి వాసన.

"మంచాల వినియోగంలో జిల్లాలో ప్రథమ స్థానం మనదే," అన్నారు పరాంకుశం గారు రౌండుకొచ్చి, సంతోషంగా చేతులు వెనక్కి కట్టుకుని. "ప్రజారోగ్య చరిత్రలో ఇదొక మైలురాయి. ఏమయ్యా, నీది ఏ గాయం?"

"కత్తి దెబ్బండి. డోలు వాయిస్తానండి నేను. ఇది కర్ర పట్టే చెయ్యండి. వైశాఖంలో ముహూర్తాలున్నాయి."

"తప్పకుండా వాయిస్తావు," అని పరాంకుశం గారు ఆయన భుజం తట్టి, పక్క మంచం మీద చెంప వైపు వెళ్ళిపోయారు.

డోలు అంటే వీధిలో వాయించే డప్పు అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను. సన్నాయి పక్కన డోలు లేకపోతే పెళ్ళి పెళ్ళిలా ఉండదు. కుడిచేతి వేళ్ళకి తొడుగులు వేసుకుని ఒక మొహం మీద, ఎడమ చేత్తో పొట్టి కర్ర పట్టుకుని రెండో మొహం మీద వాయించాలి. ఆ కర్ర నిలిచేదంతా బొటనవేలి పట్టు మీదే. సూరన్న ఆ పట్టు కోసం చిన్నప్పుడు తండ్రి చేతిలో తిన్న దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. గాయానికి తేనె పూస్తారా, నెయ్యి పూస్తారా అన్నది ఆయనకి అక్కర్లేదు. పట్టు ఉంటుందా పోతుందా అన్నదే ఆయన భయం. ఆ భయం కుట్లు వేస్తున్నప్పుడే పట్టుకుంది, ఇంక వదల్లేదు.

మధ్యాహ్నం భోజనాల బండి వచ్చింది. బండి కంటే ముందు పథ్య విభాగం అధికారిణి విశాలాక్షి గారు వచ్చారు. ఇస్త్రీ నలగని చీర, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. మాట మెత్తన, మనసూ మెత్తనే. నిబంధన మాత్రం గట్టిది.

"మీ రక్తపరీక్ష వచ్చిందండి సూరన్న గారూ. మీకు షుగరుంది."

"ఎప్పట్నించండి?" అన్నాడు సూరన్న ఉలిక్కిపడి.

"అది మీ ఒంటికే తెలియాలి. మా విభాగానికి ఈ పూట నుంచి. మీకు తేనె నిషేధం."

"నేను తాగనండి. పూయించుకుంటానంతే."

"పదార్థం ఏ మార్గంలో రోగికి చేరిందన్నది మా పరిధిలోకి రాదు. చేరిందా లేదా అన్నంత వరకే మా పరిధి. షుగరు రోగి పథ్యంలో తేనె, బెల్లం, పంచదార, అరటిపండు ఉండవు. తేనెకి బదులు మీకు పల్చటి మజ్జిగ కేటాయించాం."

వడ్డించేవాడు నిజంగానే ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఎస్తేరు సిస్టరు చేతిలో పెట్టాడు. ఆవిడ మజ్జిగ వంకా, సూరన్న చేతి వంకా చూసి, గ్లాసెత్తి గటగటా తాగేసింది. "గాయం తాగింది అని రాసుకోండి" అంది. విశాలాక్షి గారు రాసుకున్నారు.

ఆ వార్డు చివర గోడ పక్కన ఇంకో వరస ఉంది. అక్కడ మంచానికి ఒక్కరే ఉన్నారు, తియ్యటి వాసన కూడా లేదు. తేనె నిషేధమైన షుగరు రోగులంతా అక్కడే. సూరన్నని అక్కడికి మార్చారు. పక్క మంచం మీద పోలయ్య అని కొబ్బరి దింపు తీసేవాడు కాలికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాడు. చెట్టు దిగుతుంటే మట్ట గీసుకుందట. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి.

"మీకూ మజ్జిగేనాండి?" అన్నాడు పోలయ్య.

"మజ్జిగే."

"మొన్నటిదాకా రాగిజావ ఇచ్చేవోరండి. మజ్జిగే నయం, చల్లగా ఉంటది."

తేనె పూసుకున్నవాళ్ళ పని హాయిగా ఉందనుకుంటే పొరపాటే. సూరన్న చేరిన రెండో రోజుకి చీమలు దండుగా వచ్చాయి. మూడో రోజుకి గోగులంకలో చీమ అన్నది ఎక్కడున్నా ఆస్పత్రి దారి పట్టింది. పరాంకుశం గారు చీమల నివారణ సంఘం వేశారు. మంచం కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాలని సంఘం తీర్మానించింది. వారం తిరిగేలోగా మున్సిపాలిటీ దోమల విభాగం వాళ్ళొచ్చి, వార్డంతా నిలవ నీళ్ళే ఉన్నాయని ఆస్పత్రికి తాఖీదు ఇచ్చారు. నీళ్ళ మీద నూనె పోశారు. నూనె నేల మీదికి ఒలికింది. ఒలికిన నూనె మీద సంఘం అధ్యక్షుడే జారిపడి మోచెయ్యి కొట్టుకున్నాడు. ఆయన్ని మంచమెక్కించి తేనె పూశారు. పథకం ఎక్కడా ఆగలేదు.

ఈలోగా సూరన్న చెయ్యి వాచింది. కుట్ల చుట్టూ ఎర్రబడి, లోపల సలుపు మొదలైంది. షుగరుకి ఇంజెక్షన్లు ఇస్తున్నారు, నొప్పికి బిళ్ళలు ఇస్తున్నారు. గాయాన్ని మాత్రం నీళ్ళతో కడిగి పొడి గుడ్డ వేస్తున్నారు, అంతకంటే వాళ్ళ చేతిలో ఏమీ లేదు. ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళే స్తోమత ఆయనకి లేదు. బయట మందులు వార్డులోకి తేకూడదని గోడ మీదే రాసి ఉంది. చీము బొటనవేలి కీలులోకి దిగితే వేలు దక్కదని సర్జను గారు చెప్పి వెళ్ళారు. మందు ఏదని అడిగితే, "నేను రాసిచ్చాను. నా పని అంతవరకే" అన్నారు తల వంచుకుని.

సన్నాయి కోటిలింగం చూడ్డానికొచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చాలాసేపు వేరే సంగతులు మాట్లాడాడు. చివరికి నేల చూపులు చూస్తూ అసలు మాట అన్నాడు.

"షావుకారు గారింట్లో పెళ్ళికి అడుగుతున్నారు బావా. రాజమండ్రి నుంచి ఇంకో డోలు పిలిపించమంటావా అని."

"నువ్వేమన్నావు?"

"మా బావ వస్తాడన్నాను."

సూరన్న కట్టులోంచే బొటనవేలు కదిపి చూశాడు. కదల్లేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మనిషి పెళ్ళిళ్ళలో ఎందరో ఆడపిల్లల అప్పగింతలకి వాయించాడు గానీ ఎన్నడూ కంటతడి పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వరాలు ఆయన్ని లేవదీసుకుని పరాంకుశం గారి గదికి వెళ్ళింది.

"అయ్యా, ఆయన చేతికి ఆ ఎర్రమందు కాస్త ఇప్పించండి."

"ఇప్పించవచ్చు," అన్నారు పరాంకుశం గారు ప్రసన్నంగా. "ఎలాంటి అభ్యంతరమూ లేదు. తేనె విఫలమైందని ధ్రువీకరిస్తే చాలు."

"అయితే ధ్రువీకరించండి."

"తేనె పూశారా?"

"లేదండి. షుగరని పూయలేదు."

"మరి పూయని తేనె విఫలమైందని ఎలా రాస్తానమ్మా? అది తేనెకి అన్యాయం. ఇప్పటివరకు ఈ ఆస్పత్రిలో షుగరు రోగుల విషయంలో తేనె ఒక్కసారి కూడా విఫలం కాలేదు. ఈ విజయాన్ని పైవారు ప్రత్యేకంగా అభినందించారు."

"పోనీ ఒకసారి పూసి చూడండి."

"షుగరున్నవారికి తేనెనా? ప్రాణాలతో చెలగాటమా?" అన్నారాయన నిజంగానే నొచ్చుకుని.

వరాలుకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "సరేనండి" అని చిన్నగా అని బయటికొచ్చేసింది. వరండాలో విశాలాక్షి గారు ఎదురయ్యారు. భార్యాభర్తల మొహాలు చూసి ఆవిడకి బాధేసింది.

"వరాలు గారూ, మా పరిధిలో ఏదైనా ఉంటే తప్పకుండా చేస్తానండి. ఆస్పత్రి పథ్యం పడకపోతే షుగరు రోగులకి ఇంటి భోజనం తెచ్చుకునే వెసులుబాటు ఉంది. ఆ దరఖాస్తు నేనే పెట్టిస్తాను."

"ఇంటి భోజనం మనిషికేనా అండి," అంది వరాలు ఆగి, "గాయానికి కూడా తేవచ్చా?"

విశాలాక్షి గారు ఆలోచించారు. అట్ట మీద కాగితాలు తిప్పారు. "గాయం రోగిలో భాగమే కదండీ. రోగికి అనుమతి ఉంటే గాయానికీ ఉన్నట్టే. ఆస్పత్రి భోజనం గాయానికి పెడుతున్నప్పుడు ఇంటి భోజనం ఎందుకు పెట్టకూడదు?"

ఆ మధ్యాహ్నం వరాలు క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. బయటి భోజనం తనిఖీ చేయడం పథ్య విభాగం పని కనక విశాలాక్షి గారే గిన్నెలు తెరిపించారు. మొదటి గిన్నెలో దంపుడు బియ్యం అన్నం. రెండోదాన్లో బీరకాయ కూర. మూడోదాన్లో ముదురు ఎరుపు రంగులో పల్చగా ఏదో ఉంది, చారులాగే ఉంది.

"ఇదేంటండి?"

"అది ఆయన చేతికండి," అంది వరాలు. ఆవిడ అబద్ధం ఆడలేదు. మందుల దుకాణంలో కొన్న అయోడిన్ అది.

"ఇందులో పంచదార ఉందా?"

"లేదండి."

"బెల్లం, తేనె?"

"లేదండి."

"ఉప్పు? నూనె?"

"ఒక్క చుక్క లేదండి."

విశాలాక్షి గారి మొహం వెలిగిపోయింది. "షుగరు రోగికి ఇంత ఆదర్శమైన వంటకం నేనింతవరకు చూడలేదు. నాలుగో గిన్నె?"

నాలుగో గిన్నెలో గాజుగుడ్డ ముక్కలు, ఉడికించి పిండి, మడతలు పెట్టి ఉన్నాయి.

"ఇది పీచు పదార్థమండి," అంది వరాలు.

"పీచు చాలా మంచిది," అన్నారు విశాలాక్షి గారు. గేటు తెరుచుకుంది.

రుచి చూడాల్సిన కుర్ర డాక్టరు మూడో గిన్నె వాసన చూశాడు. వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఒక ఆస్పత్రి వాసన అతని ముక్కుకి తగిలింది. రుచి చూడకుండానే సంతకం పెట్టి, "పూటపూటా తెండి అమ్మా" అన్నాడు. ఎస్తేరు సిస్టరు ఒక కుట్టు వదులు చేసి చీము తీసి, గాయం శుభ్రంగా కడిగి, ఇంటి భోజనం పెట్టింది. సూరన్న పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఆ మంట కూడా ఆయనకి తీపిగానే అనిపించింది.

నాలుగు రోజుల్లో వాపు తీసింది. బొటనవేలు కదిలింది. ఆ రోజు సూరన్న మంచం పట్టీ మీద వేళ్ళతో మెల్లిగా తాళం వేశాడు. వార్డులో అందరూ తిరిగి చూశారు. పోలయ్య కూడా చూశాడు. చూసి, నవ్వి, కాలి మీద దుప్పటి లాక్కున్నాడు.

ఆ దుప్పటి లాక్కోవడం వరాలు గమనించింది. దుప్పటి ఎత్తి కాలు చూసి ముక్కు మీద కొంగు పెట్టుకుంది. మర్నాడు మూడో గిన్నె పెద్దదైంది. ఆ మర్నాడు గోడవార వరస మొత్తానికి ఇంటి భోజనం అందింది. విశాలాక్షి గారు పరుగున వచ్చారు.

"వరాలు గారూ, ఇది కుదరదండి. ఇంటి భోజనం ఆ ఇంటివాళ్ళకీ బంధువులకీ మాత్రమే. బయటివాళ్ళకి పెడితే అది హోటలు కిందికి వస్తుంది."

"వీళ్ళంతా మావాళ్ళేనండి."

"అందరూనా?"

గోదావరి జిల్లాల్లో వరసలకి కొదవా? విశాలాక్షి గారు అట్ట పట్టుకుని మంచం మంచానికీ వెళ్ళి, ఈవిడ మీకేమవుతుందని అడిగారు. పోలయ్య "చెల్లెమ్మండి" అన్నాడు. అవతలి ముసలాయన "మా కోడలు వరస" అన్నాడు. చేపల చెరువు దగ్గర కాపలా ఉండే మస్తాను "అక్కండి" అన్నాడు. వాళ్ళలో ఎవ్వరూ అబద్ధం ఆడలేదు, మొన్నట్నించీ అలాగే పిలుస్తున్నారు. విశాలాక్షి గారు అన్నీ రాసుకుని, "ఎంత పెద్ద కుటుంబమండీ మీది" అని ఆశ్చర్యపోయి, "షుగరు వంశంలోనే ఉన్నట్టుంది, జాగ్రత్త" అని హెచ్చరించి వెళ్ళారు.

ఇంత కుటుంబానికి వండి పెట్టడం మాటలు కాదు. ఊళ్ళో ఉన్న రెండు మందుల దుకాణాల్లోనూ అయోడిన్ అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఆస్పత్రి మందుల గది ఉద్యోగి పరాంకుశం గారికి ఒక మనవి పెట్టుకున్నాడు. తాళం వేసిన గదిలో ఎర్రమందు సీసాలకి గడువు దగ్గర పడుతోందనీ, వార్డులో వాడటానికి వీల్లేదనీ, ఊరికే పారబోస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరనీ, ఏం చెయ్యమంటారనీ.

పరాంకుశం గారు రెండు రోజులు ఆలోచించారు. అప్పుడాయనకి ఒక దారి తోచింది. ఉత్తర్వులో నిషేధం ఆస్పత్రిలో వాడకానికే గానీ, ఆస్పత్రి బయట ఇళ్ళకి పంపడానికి కాదు. గ్రామీణ గృహాలకి క్రిమిసంహారక ద్రావణాల పంపిణీ అనే పాత కార్యక్రమం ఒకటి ఎలాగూ ఉంది. కాబట్టి రోజూ పొద్దున్న ఆస్పత్రి వ్యాను మందుల గది ముందు ఆగి, ఎర్రమందు సీసాలు ఎక్కించుకుని, ఊరి చివర సూరన్న ఇంటికి వెళ్ళి దింపేది. వరాలు వాటిని క్యారియర్లలో పోసి, అదే వ్యాను తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కి, ఆస్పత్రి గేటు దగ్గర దిగి, మూతలు తెరిచి చూపించి లోపలికి తెచ్చేది. మందుల గదికీ వార్డుకీ మధ్య గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ దాటడానికి మందు ఊరంతా తిరిగి వస్తోందని నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పరిపాలన తెలియదు.

గోడవార వరస కోలుకోవడం మొదలెట్టింది. పోలయ్య కాలు నేల మీద ఆనించాడు. తేనె వరసలో గడ్డం కోసుకున్న పంతులు గారు, "మాకూ ఇంటి భోజనం దొరుకుతుందా" అని రహస్యంగా వాకబు చేశారు. పై నుంచి వచ్చిన బృందం షుగరు గాయాలు కూడా మానుతున్నాయని చూసి, ఇదంతా మధుధార మహిమేనని మెచ్చుకుని, పరాంకుశం గారికి శాలువా కప్పి వెళ్ళింది.

సూరన్న చెయ్యి పూర్తిగా మానింది. కుట్లు తీసిన చోట లేత గులాబీ గీత మిగిలింది. షావుకారు గారింటి పెళ్ళి మర్నాడే. కోటిలింగం డోలు తుడిచి, తాళ్ళు బిగించి, ఆస్పత్రి గేటు బయట ఆటోలో కూర్చుని ఉన్నాడు. సూరన్న ఉతికిన పంచె కట్టుకుని, డిశ్చార్జి కోసం పరాంకుశం గారి ముందు నిలబడ్డాడు.

"వెళ్ళకూడదా అంటే వెళ్ళవచ్చు," అన్నారు పరాంకుశం గారు. ఆయన మొహంలో ప్రసన్నత లేదు. పక్కన విశాలాక్షి గారు అట్టని గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. "కానీ నీవు వెళ్ళిన మరుక్షణం మీ ఇంటి మనిషి ఎవరూ ఈ ఆస్పత్రిలో రోగిగా ఉండరు. రోగి లేని ఇంటి నుంచి ఇంటి భోజనం అనుమతించడానికి వీల్లేదు."

"మరి పోలయ్యా వాళ్ళూ?"

"వాళ్ళు మీ ద్వారా బంధువులు," అన్నారు విశాలాక్షి గారు మెల్లిగా. "మూలం మీరేనండి. మూలం పోతే..." ఆవిడ ఆగిపోయారు. "మజ్జిగకి ఏర్పాటు చేస్తాను."

సూరన్నకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ చెయ్యి మానదని వీళ్ళు తనని ఏడిపించారు, ఇప్పుడు మానిందని ఏడిపిస్తున్నారు. వేలు పోతే పోయేది వీళ్ళది కాదు, ముహూర్తం పోతే పోయేదీ వీళ్ళది కాదు. నాలుగు మాటలు అనేద్దామనే అనుకున్నాడు. అనకుండా వార్డులోకి వెళ్ళాడు.

పోలయ్యకి విషయం అప్పటికే తెలిసిపోయింది. ఆస్పత్రిలో మందు కంటే కబురు తొందరగా అందుతుంది.

"మీరెళ్ళండి బావగారూ," అన్నాడు పోలయ్య. "ముహూర్తం మనకోసం ఆగదు. నాకిప్పుడు చాలా నయం." అంటూ దుప్పటి లాక్కోబోయాడు. ఈసారి దుప్పటి కింద కాలు సగమే మానిందన్న సంగతి సూరన్నకి తెలుసు.

మర్నాడు షావుకారు గారింటి పెళ్ళిలో డోలు మోగింది. జీలకర్ర బెల్లం వేళ మెల్లిగా మొదలై, తాళికట్టు వేళకి గట్టిమేళం అందుకునేసరికి పందిట్లో పెద్దలు అక్షింతలు వేయడం మరిచిపోయి చూశారు. కర్ర వేళ్ళలో అంగుళం కూడా జారలేదు. కోటిలింగం సన్నాయి ఊదుతూనే కళ్ళతో నవ్వాడు. తన చెయ్యి తనకి దక్కిందన్న ఆనందం సూరన్నకి ఆ మేళంలో పట్టపగ్గాలు లేకుండా పొంగింది.

భోజనాలకి ఉండమని షావుకారు గారు బతిమాలారు. సూరన్న ఉండలేదు. డోలు కోటిలింగానికి అప్పజెప్పి, మెడలో పూలదండతోనే ఆటో ఎక్కి, సాయంత్రం రౌండు వేళకి ఆస్పత్రి చేరాడు. చొక్కా విప్పి కొక్కానికి తగిలించి, ఇంకా డిశ్చార్జి రాయించుకోని తన మంచమే ఎక్కి దుప్పటి కప్పుకున్నాడు. పరాంకుశం గారు వచ్చి, ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"ఏమయ్యా సూరన్నా, చెయ్యి ఎలా ఉంది?"

"ఇంకా మానలేదండి."

పరాంకుశం గారు చాలాసేపటి నుంచి పట్టుకున్న ఊపిరి వదిలి, పక్క మంచానికి కదిలారు. వరాలు వ్యాను దిగి గిన్నెలతో లోపలికి వచ్చింది. ఎస్తేరు సిస్టరు మందుల పళ్ళెం పట్టుకుని సూరన్న ముందు కూర్చుని, నున్నగా మానిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, తెల్లటి కట్టు చుట్టడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దున్నే ఇంకో ముహూర్తం ఉందమ్మా," అన్నాడు సూరన్న. "విప్పడానికి వీలుగా కట్టు."